హెడ్‌లైటు మీద పాత బొట్టు

మా గురువుగారు కూర్మనాథంగారిని ప్రశ్న అడిగినవాడికి ఆ పూటే జవాబు దొరికేది కాదు. "ఉండు నాయనా, ఒక సంగతి చెబుతాను" అనేవారు. ఆ సంగతికీ మనం అడిగినదానికీ ఏమిటి సంబంధమో తేల్చుకోవడానికి ఒక్కొక్కసారి నెల పట్టేది. నాకైతే ఒళ్ళు మండేది. ఆయన శాసనసభలో ముప్పై ఏళ్ళు షార్ట్‌హ్యాండ్ రాసి రిటైరైన మనిషి. విశాఖపట్నంలో తన ఇంటి వరండాలో ఆదివారాలు మా అయిదారుగురికి ఉపనిషత్తులు చెప్పేవారు. అన్నేళ్ళు అందరి మాటలూ రాసుకున్న మనిషి, తన మాట దగ్గరికొచ్చేసరికి పిసినారి అయిపోయారని మేము వెనకాల నవ్వుకునేవాళ్ళం.

ఒక ఆదివారం పాఠం అయిపోయినా నిరంజనరావుగారు లేవలేదు. ఆయన ఆర్థిక శాఖలో పెద్ద ఆఫీసరు. మూతపడబోతున్న ఒక వ్యాన్ల కంపెనీకి ప్రభుత్వం సాయం చెయ్యాలా వద్దా అని ఆ రోజుల్లో సభలోనూ పేపర్లలోనూ ఒకటే రగడ. జనం కట్టిన పన్నులు తీసుకెళ్ళి, కొనేవాడు లేని బండ్లు చేసే కంపెనీలో పొయ్యడమేమిటని ఒక పక్షం. వేల సంసారాలు రోడ్డున పడుతుంటే చూస్తూ కూర్చోవడమేమిటని ఇంకో పక్షం. రెండు పక్షాలూ అరిచి అరిచి అలిసిపోయాక, ఇవ్వవచ్చో ఇవ్వకూడదో నోట్ రాసే పని మా నిరంజనరావుగారి నెత్తిన పడింది.

"గురువుగారూ, సాయమనేది పాత్రుడికే చెయ్యాలని మీరే చెప్పారు" అన్నారాయన. "ఫైళ్ళన్నీ చదివాను. ఒకటి చదివితే ఇవ్వాలనిపిస్తుంది, ఇంకోటి చదివితే ఇవ్వకూడదనిపిస్తుంది. అసలు ఎదుటివాడు పాత్రుడో కాదో తెలుసుకోవడమెలాగండీ?"

కథ మొదలుపెట్టే ముందు గురువుగారి మొహంలో ఎప్పుడూ కనబడే చిలిపి నవ్వు ఆ రోజు లేదు. తరవాత ఆయన చెప్పిన సంగతి ఇది.

నలభై ఏళ్ళ కిందట ఉత్తరాంధ్రలో ఒక స్కూటర్ల ఫ్యాక్టరీ ఉండేదట. ఎనిమిది వందల మంది పనివాళ్ళు. కొత్త రకం బండ్లు బజారులోకి వచ్చేసరికి వీళ్ళ స్కూటరు అడిగే నాథుడు లేకపోయాడు. టైర్లు పంపేవాళ్ళూ, కార్బ్యురేటర్లు పంపేవాళ్ళూ సరుకు ఆపేశారు. నాలుగు నెలలుగా స్కూటర్లు బిగించే లైను ఆగిపోయి ఉంది. అయినా మనుషులు రోజూ వేళకి వచ్చేవారు. సంతకం పెట్టేవారు. స్పానర్లు తీసి తుడిచి మళ్ళీ పెట్టెలో పెట్టుకునేవారు. సాయంత్రం సైకిళ్ళు తొక్కుకుంటూ ఇళ్ళకి పోయేవారు. సభలో అప్పుడూ సరిగ్గా ఇదే రగడ. కళ్ళారా చూసొచ్చి చెప్పమని అయిదుగురు సభ్యులతో ఒక సంఘం వేశారు. వాళ్ళ వెంట మాటలు రాసుకోవడానికి వెళ్ళిన గుమస్తా మా కూర్మనాథంగారు.

సంఘం వస్తోందని ఫ్యాక్టరీలో వారం ముందే తెలిసింది. లైనుకి ఫోర్‌మన్ పైడిరాజు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఆ షెడ్డు తప్ప ఇంకో లోకం తెలియని మనిషి. వచ్చిన పెద్దలకి తన మనుషులు ఖాళీగా గోళ్ళు గిల్లుకుంటూ కనబడితే, 'ఈ సోమరిపోతులకా సాయం' అనేసి కారెక్కి వెళ్ళిపోతారని అతని భయం. ఆ భయంలో తప్పేముంది చెప్పండి? ఇంటికి చుట్టాలొస్తున్నారంటే మనం చిరిగిన దుప్పటి దాచెయ్యమూ?

యార్డులో అమ్ముడుపోని స్కూటర్లు అరవై ఉన్నాయి. పైడిరాజు వాటిలో ముప్పై లోపలికి తోయించి, రెండు రోజులపాటు ఒక్కొక్కటే విప్పించాడు. చక్రాలు ఒక చోట, హ్యాండిళ్ళు ఒక చోట, ఇంజన్లు ఒక చోట. నట్లూ బోల్టులూ కిరసనాయిల్లో కడిగి ట్రేలలో పోయించాడు. సంఘం వచ్చిన రోజున వాటినే కొత్తవాటిలాగా మళ్ళీ బిగించాలన్నమాట. ఎంత పిచ్చి పని! ఎనిమిది వందల మందిలో ఒక్కడికీ అది పిచ్చి పనిగా తోచలేదు. నాలుగు నెలల తరవాత చేతికి పని దొరికింది, అంతే.

ఆ రోజు వాళ్ళు చేసిన పని చూసి తీరవలసిందేనన్నారు గురువుగారు. తొందర లేదు, తడబాటు లేదు. ఒకడు చక్రం ఎత్తేసరికి రెండోవాడి వేళ్ళలో నట్టు సిద్ధంగా ఉంది. ఎవరూ ఎవర్నీ పిలవక్కర్లేకపోయింది. చూస్తూ చూస్తూ ఉండగానే గంటకి నాలుగు స్కూటర్లు లైను చివర దిగాయి. సభ్యులు నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయారు.

ఆ ఫ్యాక్టరీలో ఒక ఆచారం ఉంది. బండి బిగింపు పూర్తయ్యాక, యార్డులోకి తోసేముందు, సీట్లు కుట్టే వరహాలమ్మ వచ్చి హెడ్‌లైటు మీద కుంకుమ బొట్టు పెట్టాలి. ఫ్యాక్టరీ తెరిచిన నాటినుంచీ ప్రతి స్కూటరుకీ ఆవిడ చెయ్యే. ఆ రోజు కూడా కుంకుమ భరిణె పట్టుకుని లైను చివర నిలబడింది. గుమస్తాగారూ నోటుపుస్తకం పట్టుకుని అక్కడే ఉన్నారు. మొదటి స్కూటరు వచ్చింది. ఆవిడ ఇంకా బొట్టు పెట్టనే లేదు, హెడ్‌లైటు మీద బొట్టుంది. ఎండకి వెలిసి ఇటుకరంగుకి తిరిగిన పాత బొట్టు. వరహాలమ్మ వేలు ఒక్క క్షణం గాల్లో ఆగింది. తరవాత గబుక్కున ఆ పాత దాని మీదే కొత్త కుంకుమ అద్దేసింది. అద్దేసి, గుమస్తా మొహంలోకి చూసింది. పక్కనున్న పైడిరాజూ చూశాడు. గుమస్తాకి సంగతంతా అర్థమైపోయింది.

మధ్యాహ్నం సభ్యులు గెస్ట్‌హౌసుకి భోజనానికి వెళ్ళాక పైడిరాజు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సూసీసారు కదా బాబూ. రాయకండి. మా పరువు పోతాది."

"ఇంత జాగ్రత్తగా చేసినవాడివి, ఆ బొట్లు తుడిపించడం మరిచిపోయావేమయ్యా?"

"మర్సిపోనేదు బాబూ. తుడవమనే సెప్పినాను. ఒక్కడికీ సెయ్యి రానేదు. ఆకరికి నానే గుడ్డట్టుకుని ఎల్లినాను. బొట్టు సెరపడానికి నాకూ సెయ్యి రానేదు."

గురువుగారు రాయనని మాటిచ్చారు. గొప్ప ఉపకారం చేస్తున్నాననే అనుకున్నారు. పుస్తకంలో ఒక్క వాక్యం రాసుకున్నారు: 'లైను చక్కగా నడుస్తున్నది.'

సభలో ఆ వాక్యమే చదివారు. సాయం కూడదనే పక్షం పెద్దమనిషి లేచాడు. "గంటకి నాలుగు బండ్లు దిగుతుంటే వీళ్ళకొచ్చిన కష్టమేమిటండీ? ఖజానా కనబడితే చాలు, అందరికీ ఏడుపు వస్తుంది!" అన్నాడు. సభంతా నవ్వింది. సాయం చెయ్యాలనే పక్షం తరఫున సంఘంలో వెళ్ళినవాళ్ళూ ఆ లైను నడవడం కళ్ళారా చూసొచ్చినవాళ్ళే, కాదనడానికి లేకపోయింది. కంపెనీ పంపిన నష్టాల కాగితాలు ఎవరూ విప్పనైనా లేదు. చూశాక కాగితాలెందుకు? ఆ మధ్యాహ్నమే సాయం సంగతి కొట్టేశారు. పదడుగుల దూరంలో గుమస్తా కూర్మనాథం తల వంచుకుని ఆ నవ్వులతో సహా అంతా రాసుకున్నాడు. సభలో లేచి మాట్లాడే అధికారం గుమస్తాకి లేదు.

"అధికారం లేకపోవడం ఆ రోజు నాకు బాగా కలిసొచ్చింది" అన్నారు గురువుగారు. అలాంటి గొంతు ఆయన దగ్గర మేమెప్పుడూ వినలేదు.

నెలన్నరకి ఫ్యాక్టరీ గేటుకి తాళం పడింది. ఉండబట్టలేక ఆ రోజు ఆయన బస్సెక్కి వెళ్ళారట. గేటు బయట ఎండలో అందరూ ఉన్నారు. నినాదాలు లేవు, అరుపులు లేవు. ఎటు వెళ్ళాలో తెలియక నిలబడ్డారు, అంతే. వరహాలమ్మ గోడవారన కూర్చుని ఉంది. పైడిరాజు ఈయన్ని గుర్తుపట్టి జనంలోంచి వచ్చాడు. తిడతాడనుకున్నారు. తిట్టినా, చొక్కా పట్టుకున్నా ఎంత బాగుండునో అనుకున్నారు.

"బాబూ, మీరు దగ్గరుండి సూసినారు" అన్నాడు పైడిరాజు. "మావు ఆ రోజు పని బాగా సెయ్యనేదా?"

"బాగా చేశారు పైడిరాజూ. చాలా బాగా చేశారు" అని చెప్పారట గురువుగారు. అతను బుర్ర ఊపి వెళ్ళిపోయాడు. మళ్ళీ కనబడలేదు.

వరండాలో కూర్చున్న నాకు ఎప్పట్లా ఒళ్ళు మండలేదు, ఏడుపొచ్చింది. నిరంజనరావుగారు మెల్లిగా అడిగారు. "మీరు చూసింది చూసినట్టు రాసి ఉంటే?"

"మోసగాళ్ళనేవారేమో. ఇలా ఎందుకు చేశారయ్యా అని ఒక్కడైనా అడిగేవాడేమో. ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను, తేలడం లేదు."

"మరి ఇప్పుడు నన్నేం రాయమంటారు గురువుగారూ? ఇవ్వమనా, వద్దనా?"

"అది నాకు తెలీదు నాయనా" అన్నారు గురువుగారు. "చెప్పాపెట్టకుండా ఒకసారి ఆ వ్యాన్ల కంపెనీకి వెళ్ళు. వాళ్ళు ఖాళీగా కూర్చుని ఉంటారు. నువ్వూ కాసేపు వాళ్ళ పక్కన ఖాళీగా కూర్చో."