కంచె పక్క సాలు

కొండ కింద రాళ్ళ సందున ఒక బొరియ, దాని ముందు చిన్న పెరడు. అది ఏదుపంది సూరమ్మది. పెరట్లో నాలుగు సాళ్ళ బంగాళాదుంపలు వేసుకుంది. కిందటేడు పందికొక్కు గవరయ్య కంచె కింద దూరి పంటంతా ఊడ్చుకుపోయాడు. ఆ ఎండాకాలం సూరమ్మ పెద్దకూతురు ఆకలికి చచ్చిపోయింది. ఇంకా ఇద్దరు పిల్లలున్నారు. ఈ ఏడు వాళ్ళు బతకాలంటే ఈ దుంపలే దిక్కు.

ఒకనాడు ముసలి ఎద్దు రాజన్న మేతకు పోతూ కంచె దగ్గర ఆగాడు.

"సూరమ్మా, దుంపలు పైకి తేలుతున్నాయి. మొదళ్ళకి మట్టి ఎగదొయ్యి. ఎండ తగిలితే దుంప పచ్చబడుతుంది. పచ్చబడిందంటే విషమే."

సూరమ్మ ముళ్ళు ఒక్కసారి నిక్కబొడుచుకున్నాయి. మూడు సాళ్ళకి చక్కగా మట్టి ఎగదోసింది. కంచె పక్క సాలుకి మాత్రం ఉన్న మట్టి కూడా లాగేసింది.

"అదేంటమ్మా, ఆ సాలునలా ఎండకి వదిలేశావ్?"

"అది మా గవరయ్య వాటా మావా. దొంగైనా పొరుగువాడే కదా, పెట్టొద్దూ?"

రాజన్న నెమరు ఆపాడు. "పిల్లలున్న ఇల్లు తల్లీ."

"పిల్లలున్నారనే చేస్తున్నా."

మాఘమాసంలో మంచి దుంపలు తవ్వి, బొరియ లోపలి గదిలో పోసి గడ్డి కప్పింది. మర్నాడు చూస్తే కంచె పక్క సాలు ఖాళీ.

"తిను నాయనా, కడుపునిండా తిను!" అని మెటికలు విరిచింది.

గోడకి చెవులుంటే కంచెకి ఉండవా? ఎద్దూ ఆమే మాట్లాడుకున్న ప్రతి మాటా అవతల నక్కి గవరయ్య విన్నాడు. పందికొక్కుకి తవ్వడం ఒకరు నేర్పాలా! కన్నం వేసుకుంటూ నేరుగా ఆ గదిలోకే తేలాడు. మంచి దుంపలు పట్టుకుపోయి, వాటి చోట పచ్చవి పోసి, గడ్డి మళ్ళీ ఉన్నట్టే కప్పాడు.

ఎండలు ముదిరాయి. బయట గడ్డిపరక లేదు. సూరమ్మ చీకట్లో తడిమి దుంపలు తీసి పిల్లల ముందు పెట్టింది.

"చేదుగా ఉందమ్మా," అంది చిన్నది.

"ఆకలి రుచెరగదంటారు. నోరు మూసుకుని తినండి," అని కసిరింది. పాపం, తన వాటా కూడా వాళ్ళకే తినిపించింది.

తెల్లారేసరికి ఇద్దరూ చల్లబడిపోయారు. మిగిలిన దుంపని వెలుగులోకి తెచ్చి చూసింది. పచ్చగా ఉంది.

ఆమె ఏడుపు విని గవరయ్య కంచె దగ్గరికి వచ్చాడు.

"నా వాటా నీకే తిరిగిచ్చేశాను వదినా. పండించినదానివి, చూసి పెట్టొద్దూ?"

ముళ్ళున్న ఒళ్ళే, ఒక్క ముల్లూ లేవలేదు. పిల్లల్ని ఎక్కడ పూడ్చాలో తెలియక, తవ్వి ఉన్న ఆ కంచె పక్క సాలులోనే పూడ్చింది. ఈసారి మట్టి బాగా ఎగదోసింది.

దొంగ కోసం పెంచిన విషానికి ఇంటి దారే దగ్గర.