చీపురు మోపుల పడక

ఇటు తిరుగు తల్లీ. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. అమ్మమ్మకీ ఒళ్ళు అలిసింది, మెల్లగా చెప్తాను, మెల్లగానే విను.

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే పెద్ద ఊరేం కాదు, కొండ నడుం మీద మహా అయితే పాతిక గుడిసెలు. అందులో ఒకే గోడకి అటూ ఇటూ ఇద్దరు తోడికోడళ్ళు ఉండేవాళ్ళు. పెద్దకోడలు దేముడమ్మ, చిన్నకోడలు పైడమ్మ. వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

ఎందుకనుకున్నావు? ఒక కోడి వల్ల. పైడమ్మ చాప మీద సామలు ఎండబెట్టుకుంటే, దేముడమ్మ కోడి వచ్చి సగం తిని సగం చిమ్మేసింది. అప్పుడు పైడమ్మ కర్ర విసిరింది. కోడి కాలు కుంటిదైంది. అంతే, ఆ రోజునుంచీ మాటలు బంద్. తప్పనిసరై ఏదైనా చెప్పాలంటే గోడకి చెప్పేవాళ్ళు. "ఓ గోడా, ఎవరి మేకో మా పాదులో పడింది, చూసుకోమను," అని ఒకరు. "ఓ గోడా, చూస్తార్లే అని చెప్పు," అని ఇంకొకరు. పాపం, ఆ గోడ ఎన్ని మాటలు మోసిందో.

పుష్యమాసం వచ్చింది. కొండ మీద చీపురు గడ్డి పండే కాలం. దగ్గర్లోదంతా ఎవరో కోసేశారు. అప్పుడు ఇద్దరూ ఎవరికి వాళ్ళే కొడవలి పట్టుకుని, దూరపు వాలుకి వెళ్ళారు. ముందు దేముడమ్మ, వెనకాల పైడమ్మ.

పొద్దంతా కోశారు. గడ్డి అంచులకి చేతులు గీసుకుపోయాయి. పైడమ్మకి నడుం ఇక తనది కాదన్నట్టుంది. అయినా మోపు కట్టింది, నెత్తికెత్తుకుంది, దిగడం మొదలుపెట్టింది. ఇంటికెళ్ళి పొయ్యి ముట్టించాలి, నీళ్ళు మొయ్యాలి, మేకని కట్టెయ్యాలి. అన్నీ తలుచుకుంటేనే కాళ్ళు బరువెక్కాయి.

ఆ తర్వాత, పొద్దు వాలకముందే పొగమంచు దిగింది. చెట్లు పోయాయి, దారి పోయింది, చాచిన చెయ్యి కూడా కనపడటం లేదు.

ముందునుంచి "అమ్మో" అని కేక. ఆ వెంటనే నీళ్ళ చప్పుడు. దేముడమ్మ గెడ్డ దాటుతూ పాచి రాయి మీద జారింది. గెడ్డంటే కొండవాగు తల్లీ. మోపూ, చేతిసంచీ ఒడ్డున పడ్డాయి, మనిషి నీళ్ళలో పడింది.

పైడమ్మ ఒక్క క్షణం అలాగే నిలబడిపోయింది. అంత అలుపులో, ఎవరో పడ్డారనీ తనే లేపాలనీ తోచడానికి కూడా ఓపిక కావాలి కదా. అప్పుడు మోపు దించి, నీళ్ళలో దిగి, దేముడమ్మని ఒడ్డుకి లాగింది.

దేముడమ్మ చీలమండ వాచిపోయింది. అయినా పట్టుదల చూడు! మోపు వైపు తిరిగి, "ఓ మోపూ, నాను ఈడే కూకుంటాను. ఎల్లేవాళ్ళని ఎల్లమను," అంది.

"ఓ గెడ్డా, నోరు మూసుకోమని చెప్పు," అంది పైడమ్మ. అంటూనే దారి వెతకడానికి రెండడుగులు వేసింది. కాలి కింద రాయి కదిలి జారింది. జారినది ఎంతసేపటికీ కింద పడ్డ చప్పుడు చెయ్యలేదు.

"పైడీ, ఆగే!" అని అరిచింది దేముడమ్మ. "అడుగెయ్యకు! అటు లోయ!"

అన్నాళ్ళ తర్వాత అదే మొదటి మాట. గోడకి కాదు, గెడ్డకి కాదు, నేరుగా పైడమ్మకి.

పైడమ్మ మెల్లగా వెనక్కి వచ్చింది. "ఇంక నడవొద్దప్పా. మంచు తెరిపినిచ్చేదాకా ఈడే ఉందాం," అంది. వాళ్ళ వైపు అక్కని అప్ప అంటారు.

గాలి తగలని రాతిచాటు ఒకటి చేత్తో తడిమి పట్టుకుంది. అప్పుడు దేముడమ్మని అక్కడికి చేర్చి, తడిచీర విప్పించి, తన భుజం మీది కంబళి చుట్టబెట్టింది. ఆ తర్వాత రెండు మోపులూ ఆ చాటులోకి లాక్కొచ్చి, కొడవలితో కట్లు కోసేసింది.

"ఒసే! పొద్దంతా చచ్చీ చెడీ కోసినదే అది!"

"మళ్ళీ కోసుకుందాం. కింద రాయి చలి ఒంట్లో వేడంతా తాగేస్తాది. పడుకో దీని మీద."

పై పొర చెమ్మగా ఉన్నా లోపలి గడ్డి పొడిగా ఉంది. అది మందంగా పరిచింది. మిగిలింది పైన కప్పింది. దేముడమ్మకి చుట్ట అలవాటు. ఆవిడ అగ్గిపెట్టె ఒడ్డున పడ్డ సంచిలో ఉండబట్టి బతికిపోయారు. పడక అంటుకోకుండా ఎడంగా, రాతిచాటు మొదట్లో, ఎండుపుల్లలతో చిన్న మంట వేసింది పైడమ్మ. సంచిలో మిగిలిన చోడి రొట్టె, అదే రాగి రొట్టె, సగం సగం తిన్నారు. ఆ తర్వాత పైడమ్మ కూడా అదే కంబళిలో దూరి, అప్పని గట్టిగా పట్టుకుని కూచుంది.

కాసేపటికి దేముడమ్మ వణుకు ఆగింది. "చలి పోయినట్టుందే పైడీ. నిద్దరొస్తోంది," అంది. మాట ముద్దముద్దగా వచ్చింది.

పైడమ్మ ఆవిడ చెయ్యి పట్టుకు చూసింది. మంచుగడ్డలా ఉంది. చలి పోలేదు తల్లీ, మనిషే పోతోంది! పైడమ్మకి ఏడుపొచ్చింది. తనకీ కళ్ళు మూతలు పడుతున్నాయి. పక్కనే ఒరిగిపోతే ఎంత హాయిగా ఉంటుందో అనిపించింది. పిలిచింది, పలకలేదు. కుదిపింది, పలకలేదు.

అప్పుడు చెవి దగ్గర నోరు పెట్టి, "నీ కోడి దొంగకోడి," అంది.

దేముడమ్మ కళ్ళు కొంచెం తెరుచుకున్నాయి.

"దొంగకోడీ, తిండిపోతు కోడీని! పెంచినోళ్ళ బుద్ధే దానికీ వచ్చింది."

"ఏటన్నావు?" అంది దేముడమ్మ. "నా కోడినంటావా? సామలు వాకిట్లో పోసి సంత చూడ్డానికెళ్ళిందెవర్తె?"

"నీళ్ళకెళ్ళాను! సంతకి కాదు!"

"అబ్బో, నీళ్ళకి! తలకి పువ్వులెట్టుకుని నీళ్ళకెళ్ళింది!"

అలా తిట్టుకున్నారు. కోడి గురించి తిట్టుకున్నారు, మేక గురించి తిట్టుకున్నారు, పెళ్ళిలో పులుసు పల్చనైన సంగతి గురించీ తిట్టుకున్నారు. దేముడమ్మకి కోపం వచ్చింది, కోపంతో మళ్ళీ వణుకు వచ్చింది. వణుకుతోందంటే ఒళ్ళు ఇంకా చలితో పోట్లాడుతున్నట్టే తల్లీ. వణుకు రావడం చూసి పైడమ్మకి ప్రాణం లేచొచ్చింది. గొంతు బొంగురుపోతున్నా, నడుమ నడుమ లేచి మంటలో పుల్ల వేసి వచ్చి, మళ్ళీ తిట్టింది.

తెల్లారుతుంటే దేముడమ్మ మొగుడు సోములూ, పైడమ్మ మొగుడు గురువులూ ఊరివాళ్ళని వెంటేసుకుని కొండెక్కారు. మంచు ఇంకా విడలేదు. ఎటు వెతకాలో తెలీక నిలబడ్డారు.

"ఉండన్నా," అన్నాడు గురువులు. "ఎవరో పోట్లాడుకుంటున్నారు."

సోములు చెవి ఒగ్గి విన్నాడు. తర్వాత తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, నవ్వుతూ ఏడ్చేశాడు. "మనోళ్ళేరా. ఇద్దరూ ఉన్నారు."

ఆ తిట్లు పట్టుకుని మెల్లగా వెళ్ళి చేరారు. డోలీ కట్టి దేముడమ్మని మోశారు. పైడమ్మ నడిచే వచ్చింది, కాళ్ళెక్కడ పడుతున్నాయో తెలీకుండా.

ముందు దేముడమ్మ గుడిసె వచ్చింది. పొయ్యి పక్కన పడుకోబెట్టి, గోరువెచ్చటి అంబలి తాగించారు. పైడమ్మ గడపలో నిలబడింది. గోడకి అవతలే తన ఇల్లు. ఆ నాలుగడుగులు వెయ్యడానికి ఓపిక లేదు.

"ఏటలా చూస్తావు," అంది దేముడమ్మ, కళ్ళు తెరవకుండానే. కొంచెం పక్కకి జరిగి దుప్పటి అంచు ఎత్తి పట్టుకుంది. "రాయే. తొంగో."

పైడమ్మ వెళ్ళి ఆ వెచ్చదనంలో వాలిపోయింది. మధ్యాహ్నం దాకా ఇద్దరూ కదల్లేదు. ఆ పూట వంట మొగుళ్ళే చేసుకున్నారు.

చలి పోయె కొండకి, మంట పోయె బూడిదకి,
కథ పోయె కంచికి, నువ్వు పో నిద్దరకి.