గోళీ పడకుండా

వడ్రంగి వీరాచారి ఏడాదిపాటు చెక్కి చేసిన కొత్త ఆటకు గవ్వలూ లేవు, పావులూ లేవు. గుంటలున్న పలకను అటూ ఇటూ వంచుతూ గోళీని గుంటల్లో పడకుండా చివరిదాకా నడిపించాలి, అంతే. ఆటల పరీక్షాధికారి భైరవశర్మ ఒప్పుకోకపోతే దాన్ని తిరునాళ్లలో అమ్మనివ్వరు. శర్మ రాజుగారి నిండుసభలో పలకను తాకకుండానే పెదవి విరిచాడు.

"గవ్వలు లేని ఆటేమిటయ్యా? దీన్నెవడూ ముట్టుకోడు."

"చిత్తం స్వామీ. దీని లోపాలేవో ప్రభువులకు విడమరిచి చెప్పండి. చెప్పేటప్పుడు గోళీ గుంటలో పడకుండా కాస్త పట్టుకోండి," అన్నాడు వీరాచారి.

శర్మ పలక అందుకున్నాడు. "ప్రభూ, మొదటి లోపం..." గోళీ పడింది. తీసి మళ్లీ పెట్టాడు. మళ్లీ పడింది. ఈసారి లోపాల సంగతి వదిలేసి పలకను అటూ ఇటూ వంచసాగాడు.

చాలాసేపటికి వీరాచారి వినయంగా చెయ్యి చాచాడు. "ఎవరూ ముట్టుకోని వస్తువు కదా, ఇటిచ్చేయండి స్వామీ."

శర్మ తలెత్తకుండానే పక్కకు తిరిగాడు. "ఉండవయ్యా, ఇంకొక్క గుంటే ఉంది."