నోరు పడిపోయాక

పాదిరి యెషయా అయ్యగారిని ఏదైనా అడిగితే బైబిలు వాక్యం చెప్పరు. తన బతుకులోంచి ఏదో ఒకటి తీసి ముందు పెడతారు. నా కూతురికి ఆయన గురువు. నాకు ఏమీ కారు.

మాది దేవుడు లేని ఇల్లు. నా భర్త సోమసుందరం ఊరూరా తిరిగి, నాలుక మీద కర్పూరం వెలిగించి, ఇందులో మహిమ లేదని జనానికి చూపించిన మనిషి. రెండేళ్ళ కిందట మా వినూత బాప్తిస్మం తీసుకుంది. ఊళ్ళో మహిమల సంగతి తర్వాత, ముందు నీ ఇంట్లోది ఆపవయ్యా అని తోటి నాస్తికులు దెప్పారు. "అడిగి తెలుసుకోమని నేనే పెంచాను. అడిగి అటు పోయింది," అన్నాడాయన. తను పోయేటప్పుడు మాత్రం ఏ ప్రార్థనా వద్దని మా ఇద్దరి దగ్గరా మాట తీసుకున్నాడు.

ఇప్పుడు పక్షవాతం వచ్చి గుంటూరు ఆస్పత్రిలో పడి ఉన్నాడు. నోరు పడిపోయింది. డాక్టర్లు ఆశ వదులుకోమన్నారు. తండ్రి నరకానికి పోతాడని వినూత అన్నం ముట్టడం లేదు. దాని సంచిలో చిన్న నీళ్ళసీసా చూసినప్పటినుంచి నేను ఆ గది వదలలేదు.

అయ్యగారు చూడటానికి వస్తే, గుమ్మంలోనే, నా ఎదుటే అడిగింది.

"నాన్న ఇప్పుడు వద్దనలేడు. నుదుటిమీద నీళ్ళు పెట్టి బాప్తిస్మం ఇవ్వండి."

ఆయన లోపలికి వచ్చి మంచం పక్కన నిలబడ్డారు. తర్వాత తన అన్న సంగతి చెప్పారు. అన్న కమ్యూనిస్టు పార్టీ మనిషి. క్షయతో మాట పోయి మంచాన పడ్డాక, కొత్తగా పాదిరి అయిన ఈ తమ్ముడు గ్లాసులో వేళ్ళు ముంచి, అన్న నుదురు తడిపి, చెప్పవలసిన మాటలు చెప్పాడు. ఈగను తోలడానికి కూడా లేవని చెయ్యి మెల్లగా లేచింది. నుదురు తుడుచుకుంది. ఆ తడిని దుప్పటికి రాసింది. అన్న గోడవైపు తిరిగాడు. పోయేదాకా మళ్ళీ ఇటు చూడలేదు.

"మా వదిన ఏడవలేదు. నోరున్నప్పుడు అడగలేకపోయావా అబ్బాయీ, అంది."

నర్సు మందుల చీటీ తెచ్చి నా చేతికిచ్చింది. కింద దుకాణంలో కొనాలి. చీటీ పట్టుకుని కాసేపు నిలబడ్డాను. అయ్యగారు నాకేసి చూడలేదు, ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. వాళ్ళిద్దర్నీ నా భర్త మంచం దగ్గరే వదిలి మెట్లవైపు నడిచాను.

వెనకనుంచి వినూత గొంతు వినబడింది. "అయినా దేవుడు ఒప్పుకునే ఉంటాడు కదా, అయ్యగారూ?"

"ఆ సంగతి నాకు తెలీదమ్మా," అన్నారాయన. "మా అన్న ఒప్పుకోలేదు. అది చూశాను."