పొయ్యి దగ్గర చెప్పాల్సిన మాట

వెనకటికి కొండవలస సంస్థానంలో పైడయ్య అనే పెంకులు నేసేవాడు ఉండేవాడు. ఏటా వానలకు ముందు దివాణం కప్పెక్కి పెంకులు సర్దేవాడు. వంటశాల మీది పెంకులు మాత్రం ఎన్నిసార్లు తుడిచినా మసే. కింద వంటమనిషి సుభద్రమ్మ దగ్గు పైదాకా వినబడేది.

ఆ ఏడు పైడయ్య ఉండబట్టలేక దొర దగ్గరికి వెళ్ళాడు. "కప్పుకు చిల్లు పెట్టి పొగగొట్టం నిలబెడతానయ్యా."

"కప్పుకు చిల్లు పడితే వంశానికి అరిష్టం. వద్దు," అన్నాడు దొర.

"చిత్తం. కానీ ఆ వద్దనే మాట ఇంటి యజమాని పొయ్యి పక్కన కూర్చుని, అన్నం ఉడికాక చెప్పాలండి. మా పనిలో అది ఆనవాయితీ."

అదెంత పని అనుకుని దొర పీట వేయించుకుని కూర్చున్నాడు. ఎసరు మరగకముందే కళ్ళు నలుపుకుంటూ, దగ్గుతూ బయటపడ్డాడు.

"పగలగొట్టరా."

"మరి అరిష్టమో, అయ్యా?"

"అది లోపలే ఉంది."

సాయంత్రానికి గొట్టం నిలబడింది. పొగ తిన్నగా ఆకాశానికి పోయింది. పైడయ్య తన తెలివికి తానే మురిసిపోతూ సుభద్రమ్మను పిలిచాడు. ఆమె గోడ తడుముకుంటూ వచ్చి తలెత్తింది.

"దగ్గు రావట్లేదు నాయనా. కానీ ఈ మసక ఇంకా వదల్లేదేం? ఇంకో గొట్టం పెట్టాలేమో."

పన్నెండేళ్ళుగా ఆ దగ్గు వింటూనే మసి తుడిచి దిగిపోయినవాడు తను. ఒక్క పూటలో పని జరిపించిన ఉపాయం అన్నేళ్ళూ తన దగ్గరే ఉంది. ఆ మసక పొగది కాదని, కళ్ళదని ఆమెకు చెప్పే ఉపాయం మాత్రం పైడయ్యకు తోచలేదు.