పేరుకి అటూ ఇటూ గుర్తులు

సామర్లకోట స్టేషను రోడ్డులో గవర్రాజు స్టూడియో వాళ్ళంత తెలివైనవాళ్ళు ఇంకెవరూ లేరు. ఈ మాట అన్నది రోడ్డులోవాళ్ళు కాదు, స్టూడియోవాళ్ళే. ఫోటోలు తీసే గవర్రాజు, ఆల్బమ్‌లు అంటించే ఆయన భార్య లోవలక్ష్మి, కంప్యూటర్ చూసుకునే ఆయన తమ్ముడు అబ్బులు, ముగ్గురూ చెప్పిన మాట చెప్పినట్టు చేసే రకం. కంప్యూటర్ దగ్గర నీళ్ళు పెట్టొద్దని మేనకోడలు హిమబిందు అన్న రోజు నుంచీ లోవలక్ష్మి అక్కడ మజ్జిగే పెడుతోంది. ఇక గవర్రాజు అయితే, ఎదుటిమనిషి పేరు అడగనిదే కెమెరా బొత్తాం నొక్కడు.

ఆ వారం వాళ్ళు మంగాయమ్మగారి వందో పుట్టినరోజు ఫోటోలు తీశారు. ఆవిడకి చూపు బాగానే ఉంది, చెవులే బొత్తిగా వినపడవు. ఆదివారం సాయంత్రం ఆరింటికల్లా ఆల్బమ్ ఆవిడ చేతిలో పెట్టాలి. ఆ తర్వాత మనవలూ మునిమనవలూ ఎవరి దారిన వాళ్ళు రైలెక్కేస్తారు.

కంప్యూటర్‌లో రెండు ఫోల్డర్లు ఉన్నాయి. బాగా వచ్చిన ఫోటోలు ‘మంగాయమ్మ’లో, తలలు తెగినవీ కళ్ళు మూసినవీ ‘మంగాయమ్మ చెడ్డవి’లో. చెడ్డవి చెరపడానికి ఆదివారం పొద్దున్న అబ్బులు ఒక షెల్ స్క్రిప్టు రాశాడు. స్క్రిప్టు అంటే మరేం లేదు, చెయ్యాల్సిన పనులు వరసగా రాసిన చీటీ. కంప్యూటర్ దాన్ని పైనుంచి కిందికి చదివి, రాసింది రాసినట్టు చేస్తుంది.

“అచ్చం మన ఇంటి మనిషే!” అని మురిసిపోయింది లోవలక్ష్మి.

నడపగానే ఆ స్క్రిప్టు, చెరపాల్సిన ఫోల్డర్ పేరేమిటని అడిగింది. అబ్బులు ‘మంగాయమ్మ చెడ్డవి’ అని కొట్టాడు. ‘చెడ్డవి అనే ఫోల్డర్ లేదు’ అంది కంప్యూటర్.

“చూశావా వదినా! అన్నయ్య తీసినవాటిలో చెడ్డవే లేవంట!”

గవర్రాజు మీసం దువ్వుకున్నాడు. లోవలక్ష్మి ముగ్గురికీ తలో బెల్లం ముక్క పెట్టింది. తర్వాత ఫోల్డర్లు తెరిచి చూస్తే ఇంకేముంది, మంచివి ఒక్కటీ లేవు. తలలు లేనివి మాత్రం భద్రంగా ఉన్నాయి.

“ఏవండీ, వందో పుట్టినరోజు మళ్ళీ ఎక్కడినుంచి తెస్తాం?” అంది లోవలక్ష్మి.

“వచ్చే ఏడు నూటొకటోది తీసి, ఒకటి తీసేద్దాం,” అన్నాడు గవర్రాజు.

ఆ లెక్క బాగానే ఉందనిపించింది గానీ ఆరింటిలోపు ఏడాది గడవదు. లోవలక్ష్మి విశాఖపట్నంలో ఉన్న హిమబిందుకి ఫోన్ చేసింది.

“అత్తా, పేరు మధ్య ఖాళీ ఉంది కదా! గుర్తుల్లో పెట్టకపోతే అది రెండు పేర్లనుకుంటుంది. మంగాయమ్మని చెరిపేసి, చెడ్డవి ఎక్కడా అని వెతుక్కుంది. పేరుకి అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టమను చిన మావయ్యని. పెన్‌డ్రైవ్‌లో కాపీ ఉందా?”

“బియ్యం డబ్బాలో భద్రంగా ఉందమ్మా.”

అబ్బులు ఆ కాపీ తెచ్చే స్క్రిప్టు రాశాడు. అందులో పేరు రావాల్సిన చోట ‘డాలర్ పేరు’ అని రాసి, అంటే ఇక్కడ అసలు పేరు వేసుకోమని కంప్యూటర్‌కి సైగ, కొటేషన్ గుర్తులుగా అటొక ఒంటి గీత, ఇటొక ఒంటి గీత పెట్టాడు. జంట గీతలు దండగనుకున్నాడు. నడిపితే, ‘డాలర్ పేరు అనే ఫోల్డర్ లేదు’ అంది కంప్యూటర్.

“లేదని అంతలా అడుగుతుంటే పెట్టకపోతే ఏం బావుంటుంది?” అంది లోవలక్ష్మి. అంతే! అబ్బులు పెన్‌డ్రైవ్‌లో ఆ పేరుతోనే ఒక ఖాళీ ఫోల్డర్ పెట్టాడు. ఈసారి కంప్యూటర్ కిమ్మనకుండా దాన్ని కాపీ చేసింది. అబ్బులు ప్రింటు కొడితే ప్రింటర్ లోంచి నలభై తెల్ల కాగితాలు వచ్చాయి.

గవర్రాజు ఒకటి వెలుగులో పెట్టి చూశాడు. “జుట్టు తెలుపు, చీర తెలుపు, గోడకి కొత్త సున్నం. బాగానే వచ్చాయే!”

“మరి మనవలేరండీ?”

“వాళ్ళూ తెల్లగానే ఉంటారుగా.”

గంట నాలుగు కొట్టింది. లోవలక్ష్మి మళ్ళీ ఫోన్ చేసింది.

“ఒంటి గీతల మధ్య పెడితే పేరు బదులు ఆ అక్షరాలే పట్టుకుంటుంది అత్తా! జంట గీతలు పెట్టాలి. బాగా గుర్తుంచుకో. పేరు ఎక్కడుంటే అక్కడల్లా రెండు వైపులా జంట గీతలు. అడిగినా పేరు రాక ఖాళీగా ఉంటే మాత్రం ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోవాలి.”

లోవలక్ష్మి ఈ రెండు మాటలూ క్యాలెండర్ వెనక రాసుకుని పైకి మూడుసార్లు చదివింది. అబ్బులు జంట గీతలు పెట్టాడు. ఫోటోలు వచ్చేశాయి! తలలతో సహా వచ్చాయి. ఆరు కొట్టేసరికి ఆల్బమ్ మంగాయమ్మగారి ఒళ్ళో ఉంది. ఆవిడ ఒక్కొక్క పేజీ తిప్పుతూ బోసినోటితో నవ్వుతుంటే లోవలక్ష్మి కళ్ళు చెమర్చాయి. ఇంత మంచి మనిషి పొద్దున్న చెరిగిపోబోయిందే! ఇంకోసారి ఇలా జరగకూడదు.

అంతే! కొంగుముడిలోంచి కాటుక భరిణె తీసి, ఆవిడ కుడి బుగ్గ మీద రెండు గీతలు, ఎడమ బుగ్గ మీద రెండు గీతలు పెట్టేసింది.

“ఇదేమిటమ్మా?” అన్నాడు పెద్దకొడుకు చినపల్లయ్యగారు.

“పేరున్న మనిషి కదండీ. ఇక ఎవరూ చెరపలేరు.”

ఆయనకి నవ్వాగలేదు. “సరే, ఈ వేషంలో మా అమ్మని ఒక ఫోటో తియ్యవయ్యా గవర్రాజూ! అందరూ రండి, ఎనిమిదింటి రైలుంది.”

అరవైమంది ఆవిడ చుట్టూ చేరారు. అబ్బులు దీపం ఎత్తి పట్టుకున్నాడు. గవర్రాజు ఒక మోకాలు నేలకి ఆనించి అలవాటు ప్రకారం అడిగాడు. “అమ్మగారూ, మీ పేరు?”

మంగాయమ్మగారికి వినపడలేదు. నవ్వుతూ చూసింది.

“పేరు ఖాళీ!” అని కేక పెట్టింది లోవలక్ష్మి. “ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోండి!”

ఇంకేముంది! గవర్రాజు మోకాలి మీద, అబ్బులు దీపం ఎత్తుకుని, లోవలక్ష్మి భరిణె పట్టుకుని, ముగ్గురూ బిగుసుకుపోయారు. చుట్టాలు పిలిచారు, కదిలించారు, చక్కిలిగిలి పెట్టారు. చివరికి భోజనాలు చేసి రైలెక్కారు. లోవలక్ష్మి నడుం దగ్గర సంచీలో ఫోన్ మోగి మోగి ఊరుకుంది. అది హిమబిందే అని ఆమెకి తెలుసు. కానీ ఆగమని చెప్పిన పిల్ల, మళ్ళీ ఎప్పుడు కదలాలో చెప్పలేదు మరి.