పుల్లమామిడి లేని పేట

విశ్వపతిగారికి వాదించే అలవాటు లేదు. శిష్యుడెవరైనా ఏదైనా అడిగితే జవాబు చెప్పకుండా ఎవరింటికో పని మీద పంపేవారు. ఎండలో నడిచి వస్తే సగం ప్రశ్నలు దారిలోనే రాలిపోతాయని ఆయన నమ్మకం.

ఆయన శిష్యుల్లో చెన్నకేశవులుకు మామిడి అంట్లు కట్టడమంటే పిచ్చి. ధ్యానంలో కూర్చున్నా అతని వేళ్ళు ఊరుకునేవి కావు. నాలుగేళ్ళ క్రితం ఏటి అవతల పేటలో పుల్లమామిడి చెట్లన్నిటి కొమ్మలూ కొట్టి, కొత్తగా వచ్చిన చిగుళ్ళకు పంచదార కలశ అనే తియ్యమామిడి అంట్లు కట్టాడు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. ఈ వేసవిలో అవి విరగ్గాశాయని విని, గురువుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“స్వామీ, నాకిష్టమైన పనీ, లోకానికి పనికొచ్చే పనీ ఒకటే అయింది. ఇంకా ఆశ్రమంలో కూర్చోవడం దేనికి? నలభై ఊళ్ళు తిరిగి ప్రతి పెరడూ తీపి చేస్తాను. సెలవిప్పించండి.”

ఈ మాట అనడానికి అతను ఏడాదిగా ధైర్యం కూడగట్టుకున్నాడు. గురువుగారు కాదంటే తన బతుక్కి ఇక అర్థం లేదనే అనుకున్నాడు.

“ఇవాళ ఆ పేటలో సత్తెమ్మ ఇంట భోంచేసి రా. తర్వాత చెబుతాను” అన్నారు విశ్వపతిగారు.

సత్తెమ్మ కూలికి పోయి బతికే ఒంటరి మనిషి. కేశవులు మొట్టమొదట అంటు కట్టింది ఆమె పెరట్లోనే. అందుకే ఇంటిలోకి వెళ్ళకముందే చెట్టు దగ్గరికి వెళ్ళి, చుట్టూ తిరిగి, అతుకులు తడిమి చూసుకుని మురిసిపోయాడు. ఆమె ఆకు వేసి అన్నం పెట్టింది. పక్కన ఉప్పు, నాలుగు మామిడిపండు ముక్కలు. రెండు ముద్దలకే అతనికి వెగటు పుట్టింది.

“పచ్చడేమైనా ఉందా అమ్మా?”

“లేదండి బాబూ. జాడీలో ఆవకాయ నిలిచి నాలుగేళ్ళయిందండి.”

కూలికెళ్ళే మనిషికి ఆవకాయంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాలా? రెండు జాడీలు పెట్టుకుంటే మళ్ళీ వేసవి దాకా కూర మాట తలుచుకోనక్కర్లేదు.

“చెట్టు మంచిదేనండి” అంది సత్తెమ్మ. “పది రోజులు పేటంతా తిన్నాం. తర్వాత ఈగలు తిన్నాయి. నిరుడు కాసిన నాలుగు కాయలతో పెట్టి చూస్తే నెల తిరక్కుండా మెత్తబడి బూజు పట్టింది. పోనీ పక్కింట్లో పుల్లకాయ అడుగుదామంటే, ఇప్పుడు అందరివీ తీపేనండి.”

వానలు ఆలస్యమయ్యాయని చెప్పినంత మామూలుగా చెప్పింది. అదే అతన్ని ఎక్కువ బాధించింది.

“మరి ఆ రోజే వద్దనలేకపోయావా?”

“మీరు అడగలేదు కదండీ. మంచి చేస్తానని చెట్టెక్కేశారు. మంచి చేసేవాళ్ళని కిందికి దిగమనడం ఎలాగండి?”

కేశవులుకు తల తీసేసినట్టయింది. తలెత్తకుండా, ఆమె వడ్డించినదంతా తిని లేచాడు.

ఆ సిగ్గు ఏటి గట్టు దాకా ఉంది. ఏరు దాటేసరికి ఆలోచనగా మారింది. ఆశ్రమం చేరేసరికి ఉత్సాహం పట్టలేకపోయాడు.

“తప్పు తెలిసింది స్వామీ! ఇక ఒక్కో చెట్టుకు సగం కొమ్మలు పులుపూ, సగం తీపీ కడతాను. వాళ్ళు ఇంకో మూడేళ్ళు ఓపిక పడితే చాలు” అంటూ పుల్లతో ఇసుకలో గీసి మరీ చూపించాడు.

విశ్వపతిగారు అంతా విన్నారు.

“నీకు పెట్టాక ఆమెకు అన్నం మిగిలిందా?”

కేశవులు గుర్తు చేసుకోబోయాడు. గిన్నె గుర్తు రాలేదు. ఆమె ఎక్కడ కూర్చుందో కూడా గుర్తు రాలేదు.

“చూడలేదు స్వామీ.”

“ఆ చెట్టుకు కొమ్మలెన్ని?”

“పదకొండు” అన్నాడు వెంటనే.

విశ్వపతిగారు ఇసుకలోని గీతల వైపు చూశారు. ఆ చూపు శిష్యుడికి అనుమతిలాగే తోచింది.

“వెళ్ళు నాయనా” అన్నారు చివరికి. “నేను పంపానని మాత్రం ఎక్కడా చెప్పకు.”